మూడున్నరేళ్ల పిల్లలకు ప్రాసెస్ ఆర్ట్: ఏమి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి, ఎక్కడ ఊరుకోవాలి

మీ అబ్బాయికి మూడున్నరేళ్లని రాశారు. ప్రీస్కూల్ నుంచి వారానికొకసారి కాగితపు సీతాకోకచిలుకో, దూది అతికించిన గొర్రెపిల్లో వాడి పేరుతో ఇంటికి వస్తోంది గానీ, అందులో వాడి చెయ్యి ఎంత పడిందో చూడగానే తెలిసిపోతోందన్నారు. ఇంట్లోనైనా స్వేచ్ఛగా చేయనిద్దామని ఆరు రంగుల డబ్బాలు ముందు పెడితే అన్నీ కలిపి బురద రంగు చేసి, మూడు నిమిషాల్లో లేచిపోతున్నాడు. వేళ్లకు రంగు అంటితే కడగమని ఏడుస్తున్నాడు. రోజుకొక కొత్త కృత్యం వెతకడం మీ వల్ల కావడం లేదు. ఇంత చేసినా ఇందులో వాడు నేర్చుకునేది ఏమైనా ఉందా అన్నది మీ అసలు అనుమానం. ఈ వయసు పిల్లల తరగతుల్లో చాలాకాలం పనిచేసిన అనుభవంతో, మీరు అడిగిన వరుసలో కాకుండా నాకు ముఖ్యమనిపించిన వరుసలో సమాధానం రాస్తున్నాను.

ముందుగా మీ మీదున్న బరువు కొంత దించుతాను. రోజుకొక కొత్త కృత్యం అక్కర్లేదు. అలా మార్చడం మేలు కన్నా కీడే చేస్తుంది. ఏ సామగ్రి ఇచ్చినా మొదటి రోజు పిల్లవాడు అదేమిటో తెలుసుకోవడంతోనే సరిపెడతాడు. ఇది జారుతుందా, అంటుకుంటుందా, నొక్కితే ఏమవుతుంది, గోడకు రాస్తే ఏమవుతుంది అన్న పరీక్షలన్నీ అప్పుడే జరుగుతాయి. అదే సామగ్రి రెండోసారి, మూడోసారి కనిపించినప్పుడు గాని దానితో తాను చేయదలచుకున్నదేదో చేయడం మొదలుపెట్టడు. రోజూ సామగ్రి మారిపోతూ ఉంటే వాడు ఎప్పుడూ మొదటి రోజు దగ్గరే ఉండిపోతాడు, మీకేమో దేనిమీదా మనసు నిలపడం లేదనిపిస్తుంది. క్రేయాన్లు, చిక్కటి రంగు, పిండిముద్ద లేదా బంకమట్టి, కాగితమూ జిగురూ అనే నాలుగు ఉంటే, వాటిలోనే చిన్న చిన్న మార్పులు చేస్తూ ఒక ఏడాది గడిపేయవచ్చు.

ప్రాసెస్ ఆర్ట్ అన్న పేరు కింద ఇప్పుడు రకరకాల పనులు చలామణీ అవుతున్నాయి కాబట్టి, దేనిని ఆ పేరుతో పిలవాలో స్పష్టం చేసుకోవడం మంచిది. చివరికి ఏమి తయారవాలో పెద్దలు ముందుగా నిర్ణయించకుండా, సామగ్రిని మాత్రమే ఎంచి ఇచ్చి, దానితో ఏమి చేయాలో, ఎప్పుడు ఆపాలో పిల్లలకే వదిలివేసే పని అది. చెయ్యి ఎంత మురికయిందన్న దానితో ఈ నిర్ణయానికి సంబంధం లేదు. పిల్లవాడి అరచేతికి రంగు పూసి, కాగితం మీద అద్దించి, దానికి కళ్లూ ముక్కూ గీసి ఏనుగును చేసినప్పుడు చెయ్యి నిండా రంగే ఉంటుంది గానీ, అందులో వాడు చేసినది చెయ్యి అప్పగించడం ఒక్కటే. పెట్టెలో రంగు ముంచిన గోళీలు దొర్లించడం అచ్చమైన ప్రాసెస్ ఆర్ట్. ఆరిన తరువాత ఆ కాగితాన్ని టీచరు హృదయాకారంలో కత్తిరించి శుభాకాంక్షల కార్డు చేస్తే, చివరి మాట మళ్లీ పెద్దలదే అయింది. ఇందుకు భిన్నంగా, ఒక పెన్సిలూ ఒక తెల్ల కాగితమూ ఇచ్చి ఊరుకుంటే చెయ్యి మాయకపోయినా అది పూర్తిగా ప్రాసెస్ ఆర్టే.

బడి విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. చెప్పిన వరుసలో మడవడం, కత్తిరించడం, అతికించడం నేర్చుకోవలసిన పనులే. సూచనలు విని పాటించడానికి అది మంచి అభ్యాసం. నా అభ్యంతరం ఆ పని చేయించడం మీద కాదు, దానినే చిత్రకళ అని పిలిచి వేరే అవకాశం ఇవ్వకపోవడం మీద. టీచరుతో మాట్లాడేటప్పుడు ఆ బొమ్మలను తప్పుపట్టకండి. తల్లిదండ్రులు ఇంటికి ఏదో ఒకటి రావాలని కోరుకుంటారన్న భయంతోనే చాలా బడులు వాటిని చేయిస్తాయి. మీరు అలా కోరుకోవడం లేదనీ, రోజులో ఒక అరగంట క్రేయాన్లు, కాగితాలు పిల్లలకు అందే ఎత్తులో ఉంచగలరా అనీ అడగండి. ఆ భయం తీరితే సగం మంది టీచర్లు సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇక నేర్చుకునేది ఏమిటన్న ప్రశ్న. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య కాలాన్ని చిత్రకళా బోధన నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ తన 1947 నాటి గ్రంథంలో పిచ్చిగీతల దశ అన్నాడు. పెద్దల కంటికి అవి అర్థంలేనివే. కానీ లక్షల కొద్దీ చిన్నపిల్లల బొమ్మలను సేకరించి పరిశీలించిన రోడా కెల్లాగ్ ఆ గీతల్లో చుక్క, నిలువుగీత, అడ్డగీత, మెలిక, సున్నా లాంటి 20 మూలరూపాలను గుర్తించింది. పిల్లలు వీటిని విడివిడిగా గీసి, ఒకదానిలో ఒకటి ఇరికించి, సున్నా చుట్టూ గీతలు పెట్టి సూర్యుడిలాంటి ఆకారం చేసి, ఆ సున్నాలోనే రెండు చుక్కలు పెట్టి, కింద రెండు గీతలు దించి మనిషిని చేస్తారు. తల నుంచే కాళ్లు మొలిచిన ఆ మనిషి మూడు, నాలుగేళ్ల మధ్య కనిపిస్తాడు, ఎవరూ నేర్పకుండానే. మనం తొందరపడి మనిషి బొమ్మ ఎలా వేయాలో చూపిస్తే వాడు దానిని నకలు చేస్తాడు గానీ, తన సున్నా నుంచి అక్కడికి తానే చేరుకునే దారి తెగిపోతుంది.

మీకు కొలత ఒకటి కావాలంటే, అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల జాబితాను చూడవచ్చు. మూడేళ్లకు, గీసి చూపిస్తే సున్నా చుట్టగలగడం. నాలుగేళ్లకు, మూడు గాని అంతకు మించి గాని అవయవాలున్న మనిషి బొమ్మ వేయడం, క్రేయాన్‌ను పిడికిలితో కాక వేళ్లతో పట్టుకోవడం అందులో ఉన్నాయి. మీ వాడు ఈ రెండింటి నడుమ ఉన్నాడు. వాడి దగ్గర ఇప్పుడు బొమ్మలు ఆశించకపోవడమే న్యాయం.

బురద రంగు గురించి కంగారు పడనక్కర లేదు. పసుపు, ఎరుపు, నీలం రంగుల్లో ప్రతి ఒక్కటీ తన మీద పడిన కాంతిలో కొంత భాగాన్ని మింగేస్తుంది. మూడూ కలిసినప్పుడు తిరిగి కంటికి చేరేది చాలా తక్కువ కాబట్టి మట్టి రంగు వస్తుంది. ఆరు డబ్బాలు ఒకేసారి ఇస్తే మరొక ఫలితం వచ్చే అవకాశమే లేదు, పైగా అది ఎందుకు వచ్చిందో వాడికి అర్థమయ్యే వీలు కూడా లేదు. ఒకటే రంగుతో మొదలుపెట్టండి. కొన్నాళ్లకు దానికి తెలుపు జోడించండి; ముదురు నీలం నెమ్మదిగా లేతబడుతుంటే పిల్లలు కుంచె కదపడం ఆపి మరీ చూస్తారు. తరువాత పసుపూ నీలమూ, ఆ తరువాత పసుపూ ఎరుపూ. ఈ జంటల్లో ఎంత కలిపినా వచ్చేది ఆకుపచ్చో నారింజో తప్ప బురద కాదు, వాడికి కూడా ఏది కలిస్తే ఏది వచ్చిందో చెప్పగలిగే ధైర్యం వస్తుంది. మూడు రంగులూ ఒకేసారి ఇచ్చే రోజు తప్పక వస్తుంది, ఆ రోజు వాడు మళ్లీ బురదే చేస్తాడు, అప్పుడు దాన్ని చేయనివ్వండి; తెలిసి చేసిన బురద వేరు.

మూడు నిమిషాల్లో లేచిపోవడానికి చాలాసార్లు కారణం పిల్లవాడు కాదు, ఏర్పాటు. మామూలు ముద్రణ కాగితం చదరపు మీటరుకు 80 గ్రాములు ఉంటుంది. తడి తగలగానే మెత్తబడి రెండోసారి కుంచె పెట్టగానే చిరుగుతుంది. 120 గ్రాములకు పైబడిన డ్రాయింగ్ షీటు గాని, విప్పి పరచిన అట్టపెట్టె గాని ఇవ్వండి. ఏ3 (మామూలు ముద్రణ కాగితానికి రెట్టింపు) కన్నా చిన్నది వద్దు, ఎందుకంటే ఈ వయసులో గీత భుజం నుంచి వస్తుంది, మణికట్టు నుంచి కాదు. కాగితం జరిగిపోకుండా నాలుగు మూలలా టేపు వేయండి; ఒక చేత్తో కాగితాన్ని పట్టుకుని రెండో చేత్తో గీయడమన్నది వాడికింకా పూర్తిగా పట్టుబడలేదు. సన్నని కుంచె బదులు పొట్టి పిడీ, రెండు సెంటీమీటర్ల వెడల్పు కుచ్చూ ఉన్నది ఇవ్వండి. ప్రతి రంగుకూ విడి కుంచె పెట్టండి. రంగు చిక్కగా, కుంచె ఎత్తితే నెమ్మదిగా జారేలా ఉండాలి. ఒలికినా బాధ లేకుండా డబ్బాలో వేలి మందం మాత్రమే పోయండి. కుర్చీ తీసేయండి. నిలబడి పనిచేసే పిల్లలు కూర్చున్న వారికన్నా ఎక్కువసేపు ఉంటారని నేను నమ్ముతాను. ఇటలీలోని రెజ్జో ఎమీలియా పట్టణ బడుల్లో విద్యావేత్త లోరిస్ మలగుచ్చి పిల్లల పనికోసం ప్రత్యేకంగా ఒక చిత్రకళ గది పెట్టించాడు. మనకు గది అక్కర్లేదు గానీ, రోజూ అదే చోట, అదే గుడ్డ పరచి ఉండడంలో ఉన్న మేలు అదే. సామగ్రి కోసం వాడు మిమ్మల్ని అడగవలసిన పని ఉండదు.

ఏర్పాటు సరిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఒక పని దగ్గరగా చూపిస్తాను. నిలువు బల్ల మీద తగిలించిన కాగితం ముందు నాలుగేళ్ల పాప ఒకతె నీలం రంగుతో నిలబడింది. కుంచె నిండా రంగు ముంచి పైన ఆనించగానే ఒక చుక్క కిందికి జారడం మొదలుపెట్టింది. ఆమె కుంచెను అక్కడే పట్టుకుని, ఆ చుక్క కాగితం అంచు దాటి కింద పడేదాకా తల వంచి చూసింది. రెండోసారి అంతే ఎత్తున, కొంచెం పక్కగా నొక్కింది. ఈసారి చుక్క సగంలోనే ఆగిపోయింది. కుంచెను మళ్లీ ముంచింది, అదే చోట ఇంకా గట్టిగా నొక్కింది; ఆగిన చుక్క కదిలింది. అలా వరసగా చాలా చుక్కలు జార్చిన తరువాత కుంచెను తిరగేసి, పిడి కొనతో తడి రంగులో అడ్డంగా గీకింది. కింద తెల్లటి గీత బయటపడింది. కాసేపు అవే గీతలు. ఆ పైన కుంచెను ఇటు తిప్పి మొత్తం కాగితాన్ని నీలంతో కప్పేసి, వాన వచ్చి వెళ్లిపోయిందని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఇంటికి చేరింది ఒక నీలం కాగితం. ఎక్కువ రంగు ఉంటే జారుతుంది, తక్కువ ఉంటే ఆగుతుంది, ఆగినదానికి మరికొంత చేర్చితే కదులుతుంది అన్న మూడు సంగతులను ఆమె పరీక్షించి తేల్చుకుందని ఆ కాగితం చూసి ఎవరూ చెప్పలేరు. పని చేస్తుండగా దగ్గర ఉండి చూడాలనడం అందుకే.

ఆ పాప చివరిలో వాన అనడం కూడా గమనించదగినదే. ముందు గీసి, తరువాత అందులో ఏదో పోలిక కనిపించి పేరు పెట్టడాన్ని పిల్లల బొమ్మలను అధ్యయనం చేసిన ఫ్రెంచివాడు జార్జ్ హెన్రీ లూకే 1927లోనే వివరించాడు, దానిని యాదృచ్ఛిక వాస్తవికత అన్నాడు. పేరు రేపటికి మారిపోవచ్చు. నిన్న వాన అన్నావు కదా అని నిలదీయకండి.

వేళ్లకు రంగు అంటడం మీ వాడికి ఇష్టం లేకపోవడం లోపం కాదు. ఈ వయసులో చాలామందికి జిగురు, తడి మట్టి, నురుగు చర్మానికి తగిలితే నిజంగానే దుర్భరంగా ఉంటుంది. చెయ్యి పట్టుకుని రంగులో ముంచడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఆ ఒక్క పనితో నెలల తరబడి బల్ల దగ్గరికి రాకుండా పోయే పిల్లలున్నారు. పొట్టి పిడికి బదులు పొడవైన పిడి ఉన్న కుంచె, స్పాంజి పట్టుకోవడానికి బట్టల క్లిప్పు, జిప్ ఉన్న మందపాటి ప్లాస్టిక్ సంచిలో రెండు రంగులు పోసి టేపు వేసి మూసి పైనుంచి నొక్కడం, ఇవన్నీ చెయ్యి తడవకుండా చేయదగినవి. అన్నిటికన్నా ముఖ్యం, తడిగుడ్డ ఒకటి వాడి కుడిపక్కనో ఎడమపక్కనో ఎప్పుడూ ఉండాలి, మిమ్మల్ని అడగకుండా తుడుచుకోగలగాలి. ఎప్పుడైనా తుడుచుకోవచ్చని తెలిసిన పిల్లవాడు ముట్టుకోవడానికి త్వరగా సాహసిస్తాడు. రంగు ఒక్కటే కాక బట్టలు, తిండి, నీళ్లు, శబ్దాలు కూడా ఇలాగే బాధిస్తున్నట్టు మీకు అనిపిస్తే పిల్లల వైద్యులతో ఒక మాట చెప్పడం మంచిది. రంగు ఒక్కటే అయితే వదిలేయండి.

సామగ్రిలో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ముద్ద. వేళ్లకు తడి అంటని కారణంగా మీ వాడికి ఇది సరిపోయే అవకాశం ఎక్కువ. రెండు కప్పుల గోధుమ పిండి, ఒక కప్పు ఉప్పు, రెండు కప్పుల నీళ్లు, రెండు పెద్ద చెంచాల నూనె కలిపి, సన్నని మంట మీద అడుగంటకుండా తిప్పుతూ గిన్నె నుంచి విడివడి ముద్ద అయ్యేదాకా ఉడికించండి. చల్లారాక బాగా పిసికి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే చాలా రోజులు మెత్తగానే ఉంటుంది. ఉడికించని పిండిముద్ద కన్నా ఇది మంచిదనడానికి ఒక కారణం ఉంది: పచ్చిపిండిలో ఈ-కోలై లాంటి సూక్ష్మక్రిములు ఉండవచ్చు, పిల్లలేమో తప్పకుండా నోట్లో పెట్టుకుంటారు. మొదట ముద్ద ఒక్కటే ఇవ్వండి. అచ్చులు, కోత పనిముట్లు వెంటనే ఇస్తే పిల్లలు అచ్చు ఒత్తడమే పని అనుకుంటారు. ముద్దను గుచ్చడం, పాములా దొర్లించడం, చిదిమి చిన్న ఉండలు చేయడం, వాటిని మళ్లీ ఒకటిగా కలిపేయడం పూర్తయ్యాక, చెంచా, పాత దువ్వెన, తాడుముక్క లాంటివి ఒక్కొక్కటిగా చేర్చవచ్చు.

బంకమట్టి దీనికి అన్న వంటిది. పిండిముద్ద చెప్పినట్టు వింటుంది. మట్టి ఎదురు తిరుగుతుంది, బరువుగా ఉంటుంది, నీళ్లు ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే బీటలు వారుతుంది. పిల్లవాడు రెండు చేతుల బలమూ, ఒక్కోసారి నిలబడి ఒళ్లంతటి బరువూ వాడవలసి వస్తుంది. నిలబడే ఆకారం చేయాలంటే అడుగు వెడల్పుగా ఉండాలన్న సంగతి మట్టి దగ్గర తెలిసినంతగా కాగితం మీద తెలియదు. పని అయ్యాక మిగిలిన మట్టిని ఉండ చేసి, బొటనవేలితో గుంట పెట్టి, అందులో నీళ్లు పోసి, తడిగుడ్డ చుట్టి డబ్బాలో పెడితే మర్నాటికి మళ్లీ పనికొస్తుంది. ఆరిన మట్టిపొడిని చీపురుతో ఊడ్చవద్దు. అందులోని సిలికా ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి తడిగుడ్డతోనే తుడవండి.

క్రేయాన్ల విషయంలో ఒకటే చిట్కా. వాటిని విరిచి ఇవ్వండి. మూడు సెంటీమీటర్ల ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్ల కొనలతోనే పట్టుకోవాలి. పెన్సిల్ పట్టు నేర్పే ప్రత్యేక సాధనాలు కొనవలసిన పనిలేదు. పైన చుట్టిన కాగితం తీసేస్తే క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దవచ్చునని కూడా వాళ్లే కనుక్కుంటారు. కాగితం కింద ఆకు పెట్టి ఒకసారి రుద్దనిస్తే, ఇక ఆ రోజు ఇంట్లో ఉన్న గరుకు వస్తువులన్నీ కాగితం కిందికి చేరతాయి. మైనపు క్రేయాన్‌తో గట్టిగా గీసిన కాగితం మీద నీళ్లలా పలచని రంగు పూస్తే, మైనం ఉన్న చోట రంగు నిలవక గీతలు బయటపడతాయి. ఇది నాలుగేళ్లు దగ్గరపడ్డాక బాగుంటుంది, అంతకు ముందు పిల్లలకు గట్టిగా గీసేంత ఒత్తిడి ఉండదు.

చింపడం, అతికించడం గురించి ఒక మాట. కత్తెరకు ముందు చేతితో చింపడం రావాలి. రెండు చేతుల వేళ్లూ ఒకదానికొకటి ఎదురుగా కదలాలి కాబట్టి అది కనిపించేంత తేలిక కాదు. జిగురు ఇచ్చిన మొదటి కొన్ని రోజులు అతికించడం జరగదు, జిగురే జరుగుతుంది. గడ్డకట్టేంత పోస్తారు, దానిని కుంచెతో అటూ ఇటూ తోస్తారు, మీద ఒకే ఒక కాగితం ముక్క పెట్టి అది మునిగిపోవడం చూస్తారు. వృథా అనిపించి సీసా లాక్కోవాలనిపిస్తుంది. సీసా ఇవ్వకుండా, చిన్న మూతలో కొంచెం తెల్ల జిగురు పోసి కుంచె ఇవ్వండి. అయిపోతే ఇంకో మూతెడు, అంతే. ఎంత జిగురుకు ఏది అతుక్కుంటుందో అట్ట, గుడ్డపీలిక, ఎండుటాకు, ఉన్నిదారం అన్నిటితో పరీక్షించి తేల్చుకున్న తరువాత వాళ్లే పొదుపు నేర్చుకుంటారు.

అచ్చులు వేయడం, స్పాంజి అద్దడం, చుక్కలమందు గొట్టంతో రంగునీళ్లు దూది మీద వేయడం మంచివే; వాటిలో చెప్పవలసిన మర్మమేమీ లేదు. రంగు కూడా తీయలేని రోజున బకెట్టెడు నీళ్లూ గోడకు సున్నం వేసే వెడల్పు కుంచే ఇచ్చి, బయట గోడకో నేలకో నీళ్లు పూయమనండి. ఎండకు ఆరిపోగానే మళ్లీ మొదలుపెడతారు.

భద్రత విషయంలో కొన్నింటిని గట్టిగా చెప్పాలి. మూడేళ్లలోపు పిల్లల కోసం చేసే బొమ్మల్లో సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పూర్తిగా పట్టేంత చిన్న వస్తువేదీ ఉండకూడదన్నది అమెరికాలో ఉన్న ప్రమాణం. ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే గోళీలు, పూసలు, గుండీలు బల్ల మీదికి రానివ్వకండి. నీటిలో ఉబ్బే జెల్ పూసలు ఏ వయసు పిల్లలకూ వద్దు, మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. ఉప్పు కలిసిన ముద్దను ఎక్కువగా తింటే పిల్లలకూ, పెంపుడు జంతువులకూ ప్రమాదమే. రంగుల మీద విషరహితమన్న మాటతో పాటు అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ-4236 గాని, ఐరోపా ప్రమాణం ఈఎన్-71 గాని రాసి ఉందేమో చూడండి. పెద్దల కోసం చేసిన చిత్రకారుల రంగుల్లో కాడ్మియం లాంటి లోహాలు ఉండవచ్చు. నాణ్యమైనవని అవి ఇవ్వవద్దు. పొడి రంగును పిల్లల ముందు కలపవద్దు.

మాటల దగ్గర చాలామందికి చిక్కు వస్తుంది. ఇదేమిటి అని అడగగానే, అది ఏదో ఒకటి అయి తీరాలని పిల్లవాడికి తెలిసిపోతుంది. బాగుంది, చాలా బాగుంది అంటూ ఉంటే వాడి చూపు కాగితం మీద నుంచి మీ ముఖం మీదికి మారుతుంది. మెచ్చుకోలు మీద కాదు గానీ, బహుమతి మీద దీనికి దగ్గరి ప్రయోగం ఒకటి ఉంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీలో, స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు గీస్తే బంగారు చుక్కా రిబ్బనూ ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకు చెప్పకుండా గీసిన తరువాత ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత ఎవరికి తోచినట్టు వాళ్లు ఆడుకునే సమయంలో చూస్తే, ముందే మాటిచ్చిన గుంపు గీయడం మీద గడిపిన సమయం మిగతా రెండు గుంపుల సమయంలో దాదాపు సగమే ఉంది. బహుమతి ఆశ చూపడమే ఆ పనిని బహుమతి కోసం చేసే పనిగా మార్చేసింది.

నోరు మూసుకుని కూర్చోమని కాదు. మీకు కనిపించినది కనిపించినట్టు చెప్పండి: ఈ గీత కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చింది, ఇక్కడ రంగు దళసరిగా ఉంది, నువ్వు రెండు చేతులూ వాడావు అని. వాడు సాయం అడిగితే, సీసా మూత తీయడం, టేపు వేయడం లాంటి సాయం వెంటనే చేయండి. బొమ్మ వేసి పెట్టమని అడిగితే, వేయకండి; నీకు పిల్లి కావాలా, పిల్లికి ఏమేమి ఉంటాయి అని మాట్లాడండి, వీలైతే నిజం పిల్లిని చూడనివ్వండి. అయిపోయిందన్నాడంటే అయిపోయినట్టే. ఆ మూల ఖాళీగా ఉంది కదా అనవద్దు.

కాగితాలన్నీ దాచడం ఎవరి తరమూ కాదు. వెనుక తేదీ, వాడు ఏదైనా అంటే ఆ మాట, వాడు అన్నట్టుగానే రాయండి. నెలకు కొన్ని ఉంచి మిగతావి ఫొటో తీసి తీసేయండి, అదీ వాడు చూడని సమయంలో కాకుండా, ఏవి ఉంచాలో వాడినే ఎంచుకోమని చెప్పి.

ఎక్కడ మొదలుపెట్టాలన్న దానికి నా సలహా ఇది. మొదటి వారమంతా రోజూ ఒకే వేళకు పిండిముద్ద మాత్రమే, ఏ పనిముట్లూ లేకుండా, పక్కన తడిగుడ్డతో. మీరు కూడా ఒక ముద్ద తీసుకుని కూర్చోండి, ఏ ఆకారమూ చేయకుండా పిసుకుతూ ఉండండి. మీరు బొమ్మ చేస్తే వాడు అదే చేయమంటాడు. రెండో వారం గోడకు పెద్ద అట్ట తగిలించి, విరిచిన క్రేయాన్ ముక్కలు నాలుగు రంగుల్లో పక్కన పెట్టండి, ముద్ద కూడా అందుబాటులోనే ఉంచండి. మూడో వారం ఒక రంగు, ఒక వెడల్పు కుంచె, అదే అట్ట. ఆ వారంలో వాడు ఒక్క గీత గీసి వెళ్లిపోతే అడ్డుపెట్టకుండా మర్నాడు మళ్లీ అదే పెట్టండి. తెలుపు రంగు నాలుగో వారం దాకా తీయవద్దు. జిగురు ఇంకా ఆగవచ్చు.